నీళ్లలో కరిగే ఎంబ్రాయిడరీ షీట్: పూల కోసం కాదు, చేతిరాత కోసం కొనండి

ఈమధ్య ఎంబ్రాయిడరీకి నీళ్లలో కరిగిపోయే స్టిక్కర్ షీట్లు దొరుకుతున్నాయి కదా, ఏ4 సైజువి, ఒకపక్క జిగురుంటుంది, డిజైన్ గీసి బట్టకి అంటించి దాని మీదే కుట్టేసి నీళ్లలో వేస్తే షీట్ పోయి దారం ఒక్కటే మిగుల్తుంది. చాలామంది వీటి మీద పూలూ సీతాకోకచిలుకలూ ప్రింట్ తీసుకుని కుడుతున్నారు, కుట్టుకోవచ్చు, కానీ లేతరంగు బట్ట మీద పువ్వు దించడానికి మామూలు కార్బన్ పేపర్ చాలు, దీనికి అంత డబ్బు పెట్టక్కర్లేదు. ఈ షీట్ నిజంగా పనికొచ్చేది ముదురు రంగు బట్ట మీద ఒక మనిషి చేతిరాతని ఉన్నదున్నట్టు దించడానికి. నల్ల జీన్స్ మీద కార్బన్ గీత కనపడదు, సుద్దతో గీస్తే సగం కుట్టేసరికే చెరిగిపోతుంది.

నేను కుట్టింది మా అమ్మ రాసిన సరుకుల చిట్టీ. కందిపప్పు, చింతపండు, ఇంగువ, కింద "బెల్లం చూసి తే" అని. చిట్టీని కిటికీ అద్దానికి అంటించి, పైన షీట్ పెట్టి, తడి తగిలితే పోయే నీలం పెన్నుతో దిద్ది, నల్ల డెనిమ్ జాకెట్ వీపు మీద పసుపు దారంతో కుట్టాను. అమ్మ చూసి "నా కోడిగీతలు ఊరందరికీ చూపిస్తావా" అంది గానీ ఇంటికొచ్చిన ప్రతివాళ్లకీ ఆ జాకెట్ తనే తీసి చూపిస్తోంది.

బట్టల మీద రాతలు ఇప్పటి ఫ్యాషన్ అనుకుంటారు గానీ జర్మనీలో ఆగ్నెస్ రిక్టర్ అని ఒక దర్జీ పనిచేసే ఆవిడ మానసిక ఆసుపత్రిలో ఉన్నప్పుడు అక్కడి బట్టతోనే తన జాకెట్ కుట్టుకుని దాని నిండా తన మాటలు దారంతో రాసుకుంది, లోపలివైపు కూడా. 1895 నాటిది, ఇప్పుడు హైడెల్‌బర్గ్‌లో, మానసిక రోగులు చేసిన కళాకృతులు దాచే ప్రిన్జ్‌హార్న్ కలెక్షన్‌లో ఉంది. అందులో చాలా మాటలు ఎవరికీ సరిగ్గా అర్థం కావట్లేదు, అయినా ఆ రాత ఆవిడది. కంప్యూటర్ ఫాంట్‌లో ప్రింట్ తీసి కుడితే ఆ సొంత రాత ఎక్కడుంటుంది చెప్పండి, అందుకే చేతిరాతే కుట్టమంటున్నా.

తెలుగు అక్షరాలకి ఒక మాట. మనవన్నీ గుండ్రాలు కాబట్టి బ్యాక్ స్టిచ్ (ప్రతి కుట్టుకీ సూదిని వెనక్కి తెచ్చి ముందు కుట్టుకి కలిపేది) పొడుగ్గా వేస్తే సున్నా కాస్తా పలకలు పలకలుగా వస్తుంది, రెండు మూడు మిల్లీమీటర్లకి మించకుండా వేసి దానిచుట్టూ ఇంకో దారం చుట్టుకుంటూ పోతే వంపు నున్నగా వస్తుంది. పెద్ద అక్షరాలకి గొలుసు కుట్టు బావుంటుంది. వత్తుల దగ్గర ఆరు పోగుల దారంలో రెండే పోగులు తీసుకోండి, మూడు పెడితే కింద ప వత్తో ట వత్తో తెలీకుండా పూడుకుపోతుంది.

ఇబ్బందులున్నాయి. జిగురు సూదికి పట్టేసి కాసేపటికి దారం లాగడం కష్టమవుతుంది, పక్కన స్పిరిట్ ముంచిన దూది పెట్టుకుని తుడుచుకుంటూ ఉండాల్సిందే. డెనిమ్ మందం ప్లస్ షీట్ మందం, వేలికి అంగుస్తానా లేకపోతే నొప్పి పుడుతుంది. షీట్ మీద బాల్ పెన్ను, పర్మనెంట్ మార్కర్ వాడకండి, షీట్ కరిగాక ఆ ఇంకు దారానికి అంటుకుంటుంది. గోరువెచ్చటి నీళ్లలో ఒకసారి ముంచి తీస్తే పోయినట్టే కనిపిస్తుంది గానీ ఆరాక బట్ట గంజి పెట్టినట్టు బిరుసుగా ఉంటుంది, నీళ్లు మార్చి ఇంకోసారి నానబెట్టాలి. ఎర్ర దారం వాడేవాళ్లు ముందే చిన్న ముక్క తడిపి రంగు దిగుతుందేమో చూసుకోండి. పట్టు మీద, నీళ్లు తగలకూడని దేనిమీదా ఇది వద్దు. సాగే టీషర్ట్ మీద మాత్రం ఇంకా బాగా పనిచేసింది, బట్ట సాగకుండా పట్టి ఉంచుతుంది.

ధర ఎక్కువే, ఒక్కో షీట్ ఒక దారం లచ్ఛీ కంటే ఖరీదు పడింది. అక్షరాల చుట్టూ కత్తిరించి మిగిలిన ముక్కలు దాచుకోండి, ఒక్క మాట కుట్టడానికి అవి సరిపోతాయి. సముద్రం దగ్గర ఊళ్లవాళ్లు, వానాకాలంలో ఎవరైనా సరే, ప్యాకెట్ విప్పాక జిప్ కవర్లో గాలి తీసేసి పెట్టండి, చెమ్మకి షీట్లు ఒకదానికొకటి అతుక్కుపోతాయి. ఐదుకి నాలుగు ఇస్తున్నా, ఆ ఒకటీ జిగురుకి తగ్గించా.