ఘాట్ దిగేటప్పుడు ఎడమ ప్యాడిలే దిక్కు

ఆటోమేటిక్ స్పోర్ట్స్ కారు అద్దెకు తీసుకుని ఘాట్ ఎక్కేవాళ్ళకి మోజంతా కుడి ప్యాడిల్ మీదే (స్టీరింగ్ వెనక రెండు పక్కలా ఉండే గేరు మీటల్లో ఒకటి). లాగగానే గేరు పైకి, సైలెన్సర్లో ఓ పేలుడు. ఆ సరదా పది నిమిషాలకు తీరిపోతుంది. అసలు పని గేరు కిందికి దించే ఎడమ దానిది, అదీ తిరుగు ప్రయాణంలో.

హైవే మీద డి మోడ్‌లో, అంటే గేర్లు కారే మార్చుకునేలా, వదిలేయడమే సుఖం. ఓవర్‌టేక్ చేసే ముందు మాత్రం ఎడమది ఒకటి రెండుసార్లు లాగి ఉంచుకుంటే కిక్‌డౌన్ కోసం, అంటే యాక్సిలరేటర్ గట్టిగా తొక్కాక కారే గేరు దించేదాకా, ఎదురుచూడక్కర్లేదు. ఎక్కుడులోనూ పెద్ద విశేషం లేదు: చాలా టర్బో ఇంజిన్లకి రెడ్‌లైన్ (ఇంజిన్ తిరుగుడుకి గరిష్ఠ హద్దు) కంటే ముందే ఊపు తగ్గుతుంది, ఆపైన లాగడం చప్పుడు కోసమే. లారీ వెనక ఇరుక్కుంటే డ్యూయల్ క్లచ్ కారుతో (రెండు క్లచ్‌లతో గేర్లు మార్చే ఆటోమేటిక్) జాగ్రత్త. యాక్సిలరేటర్ మీద కారుని వాలులో నిలబెడితే క్లచ్ జారుతూ వేడెక్కుతుంది. బ్రేక్ తొక్కి ఆగండి, ముందు జాగా వచ్చాకే కదలండి.

ఇక దిగుడు. చిరాకు పుట్టించేది ఇక్కడే. డి మోడ్‌లోనే ఉండి ఎడమ ప్యాడిల్ లాగితే మూడో గేరు పడి ఇంజినే కారుని పట్టి ఉంచుతుంది, బాగానే ఉంటుంది. కొన్ని సెకన్లు గడిచాక చాలా గేర్‌బాక్సులు ఇక చాలనుకుని వాటంతట అవే ఐదుకో ఆరుకో వెళ్ళిపోతాయి. పట్టి ఉన్న ఇంజిన్ ఒక్కసారిగా వదిలేసినట్టు కారు ముందుకి జారుతుంది. పక్క సీట్లోవాళ్ళు డాష్‌బోర్డు పట్టుకుంటారు, నడిపేవాళ్ళు బ్రేకులు పోయాయనుకుంటారు. మందు ఒకటే: దిగుడు మొదలవకముందే గేర్ లివర్‌ని ఎం (మాన్యువల్) లోకి నెట్టాలి. ప్యాడిల్ లాగినంత మాత్రాన పూర్తి మాన్యువల్ అయిపోదు.

ఎడమది లాగినా గేరు దిగకపోతే ప్యాడిల్ పాడైందనుకోకండి. జడ్‌ఎఫ్ కంపెనీ 8 గేర్ల బాక్సుల్లో ఒక రకాన్ని చూడండి: రెండో గేరు నిష్పత్తి 3.143, మూడోది 2.106. అంటే మూడు నుంచి రెండుకి దిగితే ఇంజిన్ తిరుగుడు దాదాపు ఒకటిన్నర రెట్లవుతుంది. 5,000 ఆర్‌పీఎం దగ్గర లాగితే సుమారు 7,460. రెడ్‌లైన్ 7,000 అయితే కంప్యూటర్ ఒప్పుకోదు, ఒప్పుకోకపోవడమే మంచిది. బ్రేక్‌తో 4,500కి తెచ్చి అప్పుడు లాగండి.

వరస ఎప్పుడూ బ్రేక్, గేరు, తర్వాతే మలుపు. మలుపు మధ్యలో గేరు దించితే ఇంజిన్ వెనక చక్రాలనే తిప్పే కారులో దాని పట్టు అంతా వెనక టైర్ల మీదే పడుతుంది. తడి రోడ్డయితే తోక జారొచ్చు. పైగా ప్యాడిల్స్ స్టీరింగ్‌తోపాటు తిరిగే కారైతే, హెయిర్‌పిన్‌లో (వెనక్కి తిప్పేసే ఇరుకు మలుపు) స్టీరింగ్ చక్రం సగం చుట్టు తిరిగేసరికి ఎడమది కుడి పక్కన ఉంటుంది. వేళ్ళు తడుముకుని పై గేరు వేసేది అప్పుడే. ఫెరారీల్లోలాగా స్టీరింగ్ వెనక కదలని కాలమ్‌కి బిగించిన పొడవాటి ప్యాడిల్స్ అయితే కదలవు, ఈ బాధ లేదు. దిగుడుకి నా ఓటు వాటికే. రెండూ కలిపి లాగితే ఫెరారీల్లో న్యూట్రల్ పడుతుంది, అది గుర్తుంచుకోండి.

ఒక్కో గేరుకీ మధ్య ఓ క్షణం ఆగండి. మూడు గేర్లు టకటకా దించితే వెనక కూర్చున్నవాళ్ళ తలలు ఊగి, నాలుగో మలుపుకల్లా కారు ఆపమంటారు. ఇంత చేసినా బ్రేక్ పెడల్ మెత్తగా లోపలికి పోతుంటే, బ్రేక్ ఫ్లూయిడ్ మరుగుతోందన్నమాట. ఇంకో గేరు దించి, వీలైన మొదటి చోట ఆపి చల్లారనివ్వండి. మాడు వాసన మాత్రమే వస్తూ పెడల్ గట్టిగానే ఉంటే, దిగాక వెంటనే పార్క్ చేయకుండా ఒకటి రెండు కిలోమీటర్లు నెమ్మదిగా నడపండి. ఆ గాలికే డిస్కులు చల్లబడతాయి.