భుజంలో టెండన్లు తెగితే కుట్టు మేలా, కీలు మార్పిడి మేలా?

మా ఇంట్లో ఒకే ఏడాది ఇద్దరికి భుజం పోయింది. చిన్నాన్నకు 52 ఏళ్లు. ఫిషింగ్ హార్బర్‌లో బోటు మీద జారి, చెయ్యి ఆనించి పడ్డాడు. అమ్మకు 71. ఆమెది ఏళ్ల తరబడి నానబెట్టుకున్న నొప్పి. చుట్టాలంతా "నరం తెగింది" అన్నారు. నిజానికి తెగింది నరం కాదు, టెండన్లు. భుజం బంతిని గూట్లో కుదురుగా పట్టి ఉంచే నాలుగు కండల కొసలవి. ఆ నాలుగింటినీ కలిపి రొటేటర్ కఫ్ అంటారు. ఇద్దరికీ రెండేసి తెగాయి. అయినా చిన్నాన్నకు కుట్టు వేశారు, అమ్మకు కీలే మార్చారు.

ఎందుకో ఎంఆర్ఐ చూస్తే తెలిసింది. డాక్టరుగారు రెండు ఫిల్ములూ పక్కపక్కన పెట్టి చూపించారు. చిన్నాన్న కండ ముదురు రంగులో నిండుగా ఉంది. అమ్మ కండలో సగానికి పైగా తెల్ల చారలే, అదంతా కొవ్వు. టెండన్ తెగి పని లేకుండా పడున్న కండ మెల్లగా కొవ్వు పడుతుంది. అలా అయ్యాక కొసను కుట్టినా లాగే బలం ఉండదు. అందుకే చిరుగు ఎన్ని సెంటీమీటర్లని కాదు, కండ ఎంత మిగిలిందని ముందు అడగండి.

కండ బతికి ఉంటే నా ఓటు కుట్టుకే. చిన్న రంధ్రాల్లోంచి కెమెరా పెట్టి, ఎముకలో యాంకర్లు (దారం కట్టిన చిన్న మేకుల్లాంటివి) దించి, టెండన్‌ను లాగి కట్టేస్తారు. సొంత కీలు మిగులుతుంది. దెబ్బ తగిలి తెగినదైతే వారాల్లోనే చేయించుకోవాలి. కష్టమంతా తర్వాతే: దాదాపు ఆరు వారాలు చెయ్యి స్లింగ్‌లో, బరువు పనికి కనీసం ఆరు నెలలు. ఏటా వచ్చే 61 రోజుల చేపల వేట నిషేధానికే ఇల్లు గడవడం కష్టమయ్యే వాళ్లకు ఇది చిన్న మాట కాదు. పైగా పెద్ద చిరుగుల్లో కుట్టు మళ్లీ విడిపోవడం అరుదేమీ కాదు.

అమ్మ బొట్టు పెట్టుకోవాలంటే ఎడమ చేత్తో కుడి మోచేతిని ఎత్తుకునేది. ఆమెకు చేసింది రివర్స్ కీలు మార్పిడి. 1985లో ఫ్రాన్స్ సర్జన్ పాల్ గ్రామోంట్ తెచ్చిన పద్ధతి ఇది. సహజంగా ఉండేదానికి తలకిందులుగా, బంతి రెక్క ఎముకకూ, గిన్నె చేతి ఎముకకూ బిగిస్తారు. తెగిన కండలతో పని లేకుండా పైనున్న డెల్టాయిడ్ కండే చెయ్యి ఎత్తుతుంది. మూడు నెలలకల్లా అమ్మ తన పూలు తనే పెట్టుకుంది. వీపు వెనక్కి మాత్రం చెయ్యి ఇప్పటికీ అందదు. బరువులు జీవితాంతం తగ్గించుకోవాల్సిందే, ఇన్‌ఫెక్షన్ వచ్చినా కీలు తప్పినా మళ్లీ ఆపరేషనే. అందుకే సాధారణంగా 65 దాటినవాళ్లకు, కీలు కూడా అరిగినవాళ్లకు చెబుతారు.

వయసు తక్కువ, కండ మాత్రం పోయిందంటే వీపు కండను మళ్లించి కట్టే టెండన్ ట్రాన్స్‌ఫర్ ఉంది. బాగా అలవాటున్న సర్జన్ దొరికితేనే దానికి వెళ్లమంటాను. కొంతమందికి ఫిజియోథెరపీతోనే చెయ్యి లేస్తుంది. పాత చిరుగైతే ముందు దాన్నే ప్రయత్నించాలి.

చిన్నాన్నకిప్పుడు ఐదో నెల. బోటు దాకా వెళ్తున్నాడు గానీ, వల మీద ఇంకా చెయ్యి వెయ్యలేదు.