పాత కారు కొంటున్నారా? స్టీరింగ్ ఆయిల్ నిండుగా ఉందని నమ్మేయకండి

పాత చిన్న కారు కోసం తిరుగుతున్న వాళ్లందరికీ ఇది చెప్పాలి. బానెట్ ఎత్తగానే, స్టీరింగ్ తేలిగ్గా తిరగడానికి సాయపడే ఈ స్టీరింగ్ ఆయిల్ డబ్బా నిండుగా, ఆయిల్ ఎర్రగా కొత్తగా కనిపిస్తే సంతోషపడకండి. అనుమానం అక్కడే మొదలవ్వాలి. నేను సంతోషపడ్డాను. 2 నెలలు తిరక్కుండానే ముందు చక్రాలని తిప్పే స్టీరింగ్ ర్యాకూ, దానికి ఆయిల్‌ని ఒత్తిడితో తోసే పంపూ రెండూ మార్పించాల్సి వచ్చింది.

కారు చూడటానికి వెళ్లిన రోజు ఇంజిన్ అంతా శుభ్రంగా కడిగి ఉంది. అమ్మే ఆయనే డబ్బా మూత తీసి చూపించాడు. "స్టీరింగ్ ఆయిల్ మొన్ననే పోయించామండీ, ఇక రెండేళ్లు మీరు మూత తియ్యక్కర్లేదు" అన్నాడు. ఎందుకు పోయించాల్సి వచ్చిందని నేను అడగలేదు. అడగాల్సింది అదొక్కటే.

మూడో వారంలో ఒక పొద్దున బండి వెనక్కి తీస్తూ స్టీరింగ్ పూర్తిగా తిప్పితే ముందు నుంచి మూలుగులాంటి చప్పుడు వచ్చింది. చూస్తే ఆయిల్ కింది గీత దాకా దిగిపోయి ఉంది. 'అన్ని కార్లకూ పనికొస్తుంది' అని రాసి ఉన్న సీసా కొనుక్కొచ్చి పోశాను. చప్పుడు తగ్గింది. పది రోజులకి మళ్లీ మొదలైంది, మళ్లీ పోశాను. మూడోసారి మూత తీసేసరికి ఎరుపు పోయింది. ఆయిల్ గోధుమ రంగుకి తిరిగి, పైన నురగ కట్టి, మాడు వాసన వేస్తోంది. ఆ సాయంత్రమే ఒక మలుపులో స్టీరింగ్ ఉన్నట్టుండి బండరాయిలా బిగుసుకుంది. వెనక సీట్లో పిల్లలున్నారు. ఇలాంటప్పుడు స్టీరింగ్ పూర్తిగా పనిచెయ్యడం మానదు, రెండు చేతులతో బలమంతా పెట్టి లాగితే తిరుగుతుంది. కానీ ఆ సంగతి మలుపు మధ్యలో ఎవరికి గుర్తుంటుంది?

మెకానిక్ బండి పైకెత్తి, ర్యాక్ చివర మడతలు మడతలుగా ఉండే రబ్బరు తొడుగు క్లిప్పు ఊడదీశాడు. లోపల నిలవున్న ఆయిల్ దబ్బున కిందికి కారింది. నేను రోజూ బండి కింద నేల చూసేవాణ్ని, ఒక్క చుక్క కూడా పడేది కాదు. ర్యాక్‌లోంచి ఆయిల్ బయటికి రాకుండా ఆపే రబ్బరు సీలు పోయి కారుతున్నదంతా ఆ తొడుగుల్లోనే చేరుతూ వచ్చింది. నేల పొడిగా ఉంది కాబట్టి లీకు లేదనుకోవడం నేను చేసిన పెద్ద పొరపాటు.

ఆయన చెప్పిన మాట మీరూ గుర్తుపెట్టుకోండి: "ఇంజిన్ ఆయిలైతే కాస్త ఖర్చవుతుందండీ. ఇది ఖర్చయ్యేది కాదు. తగ్గిందంటే ఎక్కడో కారినట్టే." డబ్బా నుంచి పంపుకి, పంపు నుంచి ర్యాక్‌కి, మళ్లీ డబ్బాకి, అదే ఆయిల్ తిరుగుతూ ఉంటుంది. చిన్న కార్లలో మొత్తం కలిపినా 1 లీటరుకి అటూఇటూ, అంతే. పంపుకి వేరే గ్రీజూ ఆయిలూ ఉండవు, ఈ ఆయిలే దాని అరుగుదలని ఆపాలి. మట్టం తగ్గితే పంపు గాలిని పీలుస్తుంది. నేను చూసిన నురగ ఆ గాలిదే, విన్న మూలుగూ దానిదే. అలా నడిపినకొద్దీ పంపు అరిగి, ఆ ఇనుప రజను ఆయిల్‌తో పాటు వెళ్లి ర్యాక్ సీళ్లని కోసేస్తుంది.

ఇక అమ్మినాయన చేసిన పని. ర్యాక్ విప్పితే సీళ్లు ఉబ్బిపోయి, వేలితో నొక్కితే మెత్తగా దిగిపోతున్నాయి. లీకు ఆపే మందు కలిపితే ఇలాగే ఉంటుందన్నాడు మెకానిక్. ఆ మందు రబ్బరుని ఉబ్బించి కొన్ని వారాలు కారకుండా ఆపుతుంది. బేరం కుదరడానికి ఆ కొన్ని వారాలు చాలు. పైన పటారం, లోన లొటారం. ఫోన్ చేసి అడిగితే "మీరు చూసుకునే కదండీ తీసుకున్నారు" అన్నాడు. ఆ మాటకి నాకు ఇప్పటికీ కోపం వస్తుంది.

నా వంతు తప్పూ ఉంది. ఆ కారుకి ఏ ఆయిల్ పొయ్యాలో డబ్బా మూత మీదే అచ్చుపోసి ఉంది, నేను చదవలేదు. కొన్ని కార్లకి ఆటోమేటిక్ గేర్‌బాక్సులో వాడే ఎర్ర డెక్స్‌రాన్ రకం సరిపోతుంది. హోండా తన కార్లకి సొంత ఆయిల్ చెబుతుంది. యూరప్ కంపెనీల కార్లు చాలావాటికి ఆకుపచ్చగా ఉండే సీహెచ్‌ఎఫ్ 11ఎస్ రకం కావాలి. రంగు చూసి కలపకండి, మూత మీదిది, కారు పుస్తకంలోది చూడండి. ఎవరైనా అవసరానికి బ్రేక్ ఆయిల్ పోస్తామంటే మాత్రం చెయ్యి పట్టుకుని ఆపండి. అది సీళ్లని పాడుచేస్తుంది.

కొనేముందు పొద్దున్నే వెళ్లండి, ఇంజిన్ చల్లగా ఉండగానే మీరే స్టార్ట్ చెయ్యండి. ముందే వేడి చేసి ఉంచితే ఎందుకని అడగండి. ఆగి ఉన్న బండిలో స్టీరింగ్ ఈ చివర నుంచి ఆ చివరకి తిప్పుతూ చెవి పెట్టి వినండి. చివరంటా తిప్పి 5 సెకన్లకి మించి అలాగే పట్టుకోవద్దు, పంపు మీద భారం పడుతుంది. మట్టం చూసేటప్పుడు చల్లగా ఉన్నప్పటి గీత వేరు, వేడిగా ఉన్నప్పటి గీత వేరు. తెల్లటి కాగితం మీద ఒక చుక్క వేసి చూస్తే నలుపో, ఇనుప మెరుపో బయటపడుతుంది. ఇంజిన్ ఆపేశాక కిందికి దూరి ఆ రబ్బరు తొడుగులు రెండూ పిసకండి. లోపల ద్రవం కదిలినట్టుంటే ఆ బేరం వదిలెయ్యండి. ఇది ఒక్కటి చేసినా నేను బయటపడేవాణ్ని. కొత్తగా కడిగిన ఇంజిన్ అయితే అరగంట నడిపి మళ్లీ చూడండి, పైపుల అతుకుల దగ్గర చెమ్మ కనిపిస్తుంది. వేడి సైలెన్సర్ గొట్టం మీద ఈ ఆయిల్ పడితే మంట కూడా అంటుకోవచ్చు, కాబట్టి చిన్న లీకే కదా అనే మాట ఎవరన్నా ఒప్పుకోవద్దు.

ఇంకొకటి, దీనికి వ్యతిరేకమైన మోసం. ఇప్పటి చిన్న కార్లలో చాలావాటికి స్టీరింగ్ ఆయిలే ఉండదు, కరెంటు మోటారే సాయం చేస్తుంది. 1988లోనే సుజుకీ సెర్వో అనే బుల్లి కారులో ఈ పద్ధతి వచ్చింది. అలాంటి కారుకి సర్వీసు బిల్లులో స్టీరింగ్ ఆయిల్ మార్చినట్టు రాస్తే, డబ్బు కట్టేముందు ఆ డబ్బా ఎక్కడుందో చూపించమనండి.