పెరటి పెట్టలకు లేయర్ మ్యాష్: ఎప్పుడు కొంటే లాభం

నల్లగొండ దాణా దుకాణాల్లో దొరికే లేయర్ మ్యాష్ (గుడ్లు పెట్టే కోళ్ల పొడి దాణా) సరుకు మంచిదే. కాల్షియం 3.5 శాతం దాకా ఉంటుంది, చిక్కంతా అక్కడే. నాలుగు నెలల పెట్టకు వేస్తే గుడ్డు ముందే రాదు సరికదా, కిడ్నీలు చెడతాయి. గ్రామప్రియ రకం పెట్టకు ఐదున్నర నెలలు, అసీల్ జాతి పెట్టకు ఏడు నెలలైనా ఆగాలి. తలమీది జుట్టు ఎర్రబడి, వీపు మీద చెయ్యేస్తే కూలబడి, పిరుదు ఎముకల మధ్య రెండు వేళ్లు పట్టినప్పుడు గ్రోయర్ (ఎదిగే కోళ్ల దాణా) మాన్పించి ఇది మొదలుపెట్టండి. పైనుంచి గుప్పెళ్లకొద్దీ నూకలు చల్లితే మ్యాష్ పైసలు దండగే. కొవ్వు పడుతుంది, గుడ్డు పడదు. చలికాలంలో పొద్దు 11 గంటలే. పొద్దు చాలక గుడ్లు తగ్గితే ఏ దాణా పనిచేయదు, తెల్లవారుజామున బల్బు వేసి వెలుతురు 14 గంటలకు పెంచాలి. మ్యాష్ తడిపి పెడితే మాత్రం మధ్యాహ్నానికే పులుస్తుంది, మిగిలింది పారబోయండి.