ఫాస్టాగ్ వార్షిక పాస్: మన జిల్లాల నుంచి వేసవి ప్రయాణాలకు గిట్టుబాటవుతుందా?

సెలవులకు సొంత కారులో వెళ్దాం అనుకోగానే శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఏ ఇంట్లోనైనా ముందు పెట్రోలు లెక్క వేస్తారు, తర్వాత రూము లెక్క. టోల్ లెక్క వేసేవాళ్లు తక్కువ. ఫాస్టాగ్‌లోంచి దానంతటదే పోతుంది, చేత్తో తీసి ఇవ్వం కాబట్టి ఖర్చులా అనిపించదు. తిరిగొచ్చాక మెసేజ్‌లన్నీ కూడితే మాత్రం ఒక పూట రూము అద్దె కంటే ఎక్కువే తేలుతుంది. ఆ ఖర్చును తగ్గిస్తామని వచ్చిందే జాతీయ రహదారుల టోల్ గేట్ల దగ్గర చెల్లే ఈ వార్షిక పాస్. 2025 ఆగస్టు 15న 3,000 రూపాయలకు మొదలైంది. ఏడాది గడువు లేదా 200 ట్రిప్పులు, రెండింట్లో ఏది ముందు పూర్తయితే అక్కడితో పాస్ ముగుస్తుంది.

తీర్పు ముందే చెప్పేస్తాం. ఏడాదిలో ఒక్కసారైనా కారులో తిరుపతి దాకా వెళ్లి, దానితోపాటు ఇంకో దూరప్రయాణం చేసే ఇంటికి ఇది కచ్చితంగా లాభం. ఉన్న జిల్లాలోనే తిరిగేవాళ్లకు దండగ. నెలకోసారి విశాఖ వెళ్లొచ్చేవాళ్లు మాత్రం కాగితం మీద లెక్క వేసుకున్నాకే కొనాలి.

ఎక్కువమంది పొరబడేది "200 ట్రిప్పులు" అన్న మాట దగ్గరే. ట్రిప్పు అంటే ప్రయాణం కాదు, ఒక టోల్ గేటు ఒకసారి దాటడం. వెళ్లేటప్పుడు ఒకటి, అదే గేటు వచ్చేటప్పుడు దాటితే ఇంకొకటి. కొన్ని ఎక్స్‌ప్రెస్‌వేల మీద ఎక్కిన చోటు నుంచి దిగిన చోటు వరకు కలిపి ఒక ట్రిప్పుగా లెక్కిస్తారు. మన 16వ నంబరు జాతీయ రహదారి మీద ఆ పద్ధతి లేదు, గేటు గేటుకూ ఒకటి పోతుంది. 3,000ను 200తో భాగిస్తే గేటుకు 15 రూపాయలు. వినడానికి చాలా చవక. కానీ ఆ 15 రూపాయల ధర దక్కాలంటే 200 గేట్లూ దాటాలి. ఏడాదిలో 40 గేట్లే దాటిన బండికి గేటుకు 75 పడినట్టు.

ఇక మన దారుల సంగతి. శ్రీకాకుళం నుంచి దక్షిణంగా బయల్దేరితే నాతవలస, విశాఖ దాటాక నక్కపల్లి దగ్గర వేంపాడు, ఆ తర్వాత కృష్ణవరం, ఈతకోట, ఉంగుటూరు, కలపర్రు, పొట్టిపాడు. విజయవాడ చేరేసరికే ఏడు గేట్లు. విశాఖ ఊళ్లోకి వెళ్లకుండా ఆనందపురం నుంచి బైపాస్ పట్టుకుంటే ఈ లెక్క కొంత మారుతుంది. విజయవాడ దాటి తిరుపతి వైపు సాగితే కాజ, బొల్లాపల్లి, టంగుటూరు, ముసునూరు, వెంకటాచలం. నెల్లూరు దాటేసరికే డజను అయ్యాయి. రానూపోనూ 24, నాయుడుపేట వైపు తగిలేవి అదనం.

గేటుకు సగటున 100 రూపాయలు అనుకోండి. కొన్నిచోట్ల ఇంతకంటే తక్కువ, కొన్నిచోట్ల ఎక్కువ. ఒక్క తిరుమల ప్రయాణానికే 24 గేట్లకు 2,400 అవుతుంది. పాస్ ధరలో అయిదింట నాలుగు వంతులు ఒకే మొక్కుతో తీరిపోయినట్టే. తర్వాత దసరాకో సంక్రాంతికో విజయవాడ ఒకసారి వెళ్లొస్తే మరో 14 గేట్లు, ఇంకో 1,400. రెండు ప్రయాణాలకు మొత్తం 3,800 అయ్యే చోట 3,000తో సరిపోయింది, పైగా 160కి పైగా ట్రిప్పులు ఇంకా మిగిలే ఉన్నాయి. పాస్ అసలు విలువ ఈ మిగిలిన ట్రిప్పుల్లోనే ఉంది. టోల్ దండగని ఆగిపోయిన చిన్న ప్రయాణాలు, అంటే అన్నవరం వ్రతం, రాజమండ్రి పుష్కరఘాట్, ఇచ్ఛాపురం అవతల గోపాల్‌పూర్ సముద్రం, ఇవన్నీ పెట్రోలు ఖర్చుతోనే అయిపోతాయి.

ఉత్తరం వైపు వెళ్తే మడపాం, లక్ష్మీపురం, బెల్లుపడ అనే మూడు గేట్లు దాటాక ఒడిశా. పూరీ, చిలికా వెళ్లేవాళ్లకు ఒడిశాలోని జాతీయ రహదారి గేట్ల దగ్గర కూడా ఇదే పాస్ చెల్లుతుంది. రాష్ట్రం మారితే పాస్ మారదు. పూరీ వెళ్లాలనుకునేవాళ్లకు ఒక మాట: తెల్లవారుజామున నాలుగింటికి బయల్దేరితే పలాస, సోంపేట ప్రాంతం చల్లగా ఉండగానే దాటేస్తారు. పది దాటిందంటే ఈ రోడ్డు మీద ఏసీ ఆపలేం, మైలేజీ పడిపోతుంది. దారిలో తాటిముంజెలు కనపడితే ఆపి తినండి, కూల్‌డ్రింకు సీసా మీద పెట్టే డబ్బుకు ముంజెలు ఇంటిల్లిపాదికీ వస్తాయి.

ఇప్పుడు పాస్ గిట్టుబాటు కాని వాళ్ల సంగతి. శ్రీకాకుళంలో ఉండి అరసవిల్లి, శ్రీకూర్మం, శాలిహుండం కొండ, కళింగపట్నం లైట్‌హౌస్ చూసొద్దామనుకునేవాళ్లకు, విజయనగరంలో ఉండి రామతీర్థం, తాటిపూడి జలాశయం, ఎస్.కోట దగ్గర పుణ్యగిరి వెళ్లేవాళ్లకు జాతీయ రహదారి టోల్‌తో పనేలేదు. పొద్దున వెళ్లి సాయంత్రానికి ఇల్లు చేరే ఈ ప్రయాణాలే అన్నిటికంటే చవకైనవి, వాటికి పాస్ కొంటే ఖర్చు పెరుగుతుంది గాని తగ్గదు. విజయనగరం నుంచి అరకు వెళ్లేవాళ్లకూ అంతే. అక్కడి ఖర్చు ఘాట్ ఎక్కేటప్పుడు కాలే పెట్రోలుది, దిగేటప్పుడు అరిగే బ్రేకులది. దిగేటప్పుడు రెండో గేరులో ఇంజిన్ మీదే బండిని ఆపుకుంటూ రండి. బ్రేకు పెడల్ మీదే కాలు పెట్టుకుని దిగితే బ్రేకులు కాలిన వాసన వస్తుంది, ఆ తర్వాత పట్టు తగ్గుతుంది.

శ్రీకాకుళం నుంచి విశాఖకు పొద్దున వెళ్లి రాత్రికి తిరిగొచ్చేవాళ్ల లెక్క వేరు. 24 గంటల్లోపు అదే గేటు మీదుగా తిరిగొస్తే జాతీయ రహదారి టోల్ నిబంధనల ప్రకారం రెండువైపులా కలిపి ఒకవైపు రుసుముకు ఒకటిన్నర రెట్లే కట్టాలి. ఒకవైపు 80 అయితే రానూపోనూ 160 కాదు, 120. ఫాస్టాగ్ ఉంటే ఈ తగ్గింపు అడగకుండానే వస్తుంది. పాస్ ఉంటే అదే రాకపోకకు రెండు ట్రిప్పులు పోతాయి. అంటే పాస్ పోటీ పడాల్సింది గేటుకు 80తో కాదు, 120లో సగమైన 60తో. దారిలో ఒకే గేటు తగిలేవాళ్లు 3,000 రాబట్టుకోవడానికి 50 సార్లు గేటు దాటాలి, అంటే 25 సార్లు విశాఖ వెళ్లిరావాలి. నెలకు రెండుసార్లకు పైన అన్నమాట. వారం వారం వెళ్లేవాళ్లకు ఇది సులువు. నెలకు ఒక్కసారే వెళ్లేవాళ్లకు దీనితోపాటు ఒక దూరప్రయాణం ఉంటే తప్ప చాలదు.

సోంపేట, కంచిలి వైపు నుంచి ఆసుపత్రి పనుల మీద సొంత కారులో విశాఖ వెళ్లే కుటుంబాలు ఉన్నాయి. ఆ ఉద్దానం ప్రాంతం వాళ్లకు ఇది సరదా ప్రయాణం కాదు. లక్ష్మీపురం, మడపాం, నాతవలస కలిపి రానూపోనూ ఆరు గేట్లు. నెలకోసారి అయితే ఏడాదికి 72. ఒకటిన్నర రెట్ల తగ్గింపు తీసుకుని గేటుకు 60 చొప్పున చూసినా 4,320. వేసవి సంగతి పక్కన పెట్టండి, ఈ పాస్ అందరికంటే ముందు వాళ్ల బండికి ఉండాలి.

టోల్ గేటుకు 20 కిలోమీటర్ల లోపు ఉండేవాళ్లకు ఇంకో దారి ఉంది. సొంత వాడకం బండికి స్థానికుల నెలవారీ పాస్ ఇస్తారు. 2025-26లో అది సుమారు 350 రూపాయలు ఉండేది. ఆ ఒక్క గేటుకే చెల్లుతుంది, కానీ ఆ నెలంతా ఎన్నిసార్లయినా తిరగొచ్చు. మే నెలలో చుట్టాలొచ్చి రోజూ బీచ్‌కో గుడికో అదే గేటు దాటాల్సి వస్తే వార్షిక పాస్ కంటే ఇదే మేలు. ఆధార్ లాంటి చిరునామా రుజువు, ఆర్‌సీ తీసుకుని ఆ గేటు దగ్గరి కార్యాలయానికే వెళ్లి అడగాలి.

కొనడం కష్టమేమీ కాదు. రాజమార్గ్ యాత్ర యాప్‌లో గానీ, జాతీయ రహదారుల సంస్థ వెబ్‌సైట్‌లో గానీ బండి నంబరు, ఫోన్ నంబరు ఇచ్చి, ఓటీపీ కొట్టి, యూపీఐతోనో కార్డుతోనో డబ్బు కట్టాలి. ఉన్న ఫాస్టాగ్ మీదే పాస్ పడుతుంది, కొత్త స్టిక్కరు అక్కర్లేదు. ఫాస్టాగ్ వాలెట్‌లో ఉన్న డబ్బు దీనికి పనికిరాదు, విడిగా కట్టాలి. మామూలుగా రెండు గంటల్లో పాస్ మొదలైపోతుంది. ఏడాది లెక్క ఆ రోజు నుంచే కాబట్టి ఫిబ్రవరిలో కొని మే దాకా బండి కదపకుండా ఉంచితే మూడు నెలలు వృథా. ప్రయాణానికి రెండు రోజుల ముందు కొనండి. టోల్ రేట్లు ఏటా ఏప్రిల్‌లో సవరిస్తారు, పాస్ ధర కూడా కొనే రోజున యాప్‌లో కనపడిందే లెక్క. పై లెక్కలన్నీ 3,000 మీద వేసినవి, ధర మారి ఉంటే ఆ మేరకు సర్దుకోండి.

అడ్డం తగిలేది ఎక్కువగా ట్యాగ్ దగ్గరే. కొత్త కారుతో షోరూములో ఇచ్చే ట్యాగ్ చాలాసార్లు ఛాసిస్ నంబరు మీదే ఉంటుంది. రిజిస్ట్రేషన్ నంబరు వచ్చాక దాన్ని బ్యాంకులో ఎక్కించకపోతే పాస్ ఇవ్వరు. ఆర్‌సీ ఫొటో పంపి మార్పించుకోవడానికి కొన్ని రోజులు పట్టొచ్చు, అందుకే ప్రయాణం తేదీ ఖాయం కాగానే ఈ పని మొదలుపెట్టాలి. రెండోది స్టిక్కరు. అద్దం లోపలివైపు, పైన మధ్యలో, వెనక చూసే అద్దం వెనకాల అతికించి ఉండాలి. మన ఎండలకు జిగురు మెత్తబడి ఒక మూల లేస్తుంది. లేచిన మూలను వేలితో నొక్కితే సరిపోతుంది గాని, మొత్తం ఊడదీసి మళ్లీ అతికించకూడదు. ఊడదీయగానే లోపలి సన్నని యాంటెన్నా తీగ తెగేలాగే దాన్ని తయారుచేశారు. పైకి బాగానే కనపడుతుంది, గేటు దగ్గర రీడర్ మాత్రం చదవదు. అద్దానికి లోహపు పొర ఉన్న సన్‌ఫిల్మ్ వేయించినా అదే బాధ. స్టిక్కరును చేత్తో పట్టుకుని చూపించడం, డ్యాష్‌బోర్డు మీద పడేయడం పనికిరాదు, అలాంటి ట్యాగ్‌లను బ్లాక్‌లిస్టులో పెడుతున్నారు. ట్యాగ్ బ్లాక్‌లిస్టులో పడితే పాస్ ఉన్నా లేనట్టే. చెల్లే ట్యాగ్ లేకుండా గేటు దాటితే మామూలు రుసుము కంటే ఎక్కువ కట్టాలి, 2025 నవంబరు 15న వచ్చిన నిబంధనలో అది నగదుకు రెండింతలు, యూపీఐకి ఒకటింపావు రెట్లు. కాబట్టి పాడైందని అనుమానం ఉంటే బ్యాంకు నుంచి కొత్తది తెప్పించుకున్నాకే పాస్ కొనండి.

పాస్ తీసుకున్నాక వాలెట్ ఖాళీ చేసేయకూడదు. రాష్ట్ర రహదారుల మీద టోల్ ఉంటే, ఫాస్టాగ్‌తో పార్కింగ్ రుసుము తీసుకుంటే ఆ డబ్బు వాలెట్‌లోంచే పోతుంది. 300, 400 ఉంచుకోండి. ప్రతి గేటు దాటాక ట్రిప్పు తగ్గినట్టు మెసేజ్ వస్తుంది. దాని బదులు రూపాయలు కట్ అయినట్టు వస్తే గేటు పేరు, సమయం రాసిపెట్టుకుని జాతీయ రహదారుల సహాయ నంబరు 1033కు ఫోన్ చేయండి. ట్యాగ్ ఇచ్చిన బ్యాంకుకు కూడా చెప్పాలి, ఒకరికి చెబితే రెండోవాళ్లకు తెలుస్తుందనుకోవద్దు.

మాకు నచ్చనివి రెండు. పాస్ ఉన్నవాళ్లకు వేరే లైను లేదు. పండగ రోజున గేటు ముందు అందరితోపాటు ఎండలో నిలబడాల్సిందే. రెండోది, కారు అమ్మేస్తే పాస్ కొత్త కారుకు రాదు, మిగిలిన ట్రిప్పులకు డబ్బూ తిరిగి రాదు. ఏడాదిలో బండి మార్చే ఆలోచన ఉంటే ఆగండి. ఇంట్లో రెండు కార్లుంటే రెండు పాస్‌లు కావాలి, అన్నయ్య కారు పాస్‌తో తమ్ముడి కారు వెళ్లదు.

పదిమంది కలిసి పసుపు నంబరు ప్లేటు బండి మాట్లాడుకుని వెళ్లేవాళ్లకు ఈ పాస్ వర్తించదు, ఇది సొంత వాడకం కారు, జీపు, వ్యాన్‌లకే. అందుకే అద్దె బండి బేరం ఆడేటప్పుడు "టోల్ మీదా, మాదా?" అని ముందే అడగండి. టోల్ మనదే అంటే దారిలోని గేట్లు వేళ్ల మీద లెక్కపెట్టి, కిలోమీటరు రేటుకు అది కూడా కలిపి చూశాకే ఏ బండి చవకో తేల్చుకోండి.