పాత అంబాసిడర్ కొంటున్నారా? పెట్రోల్ ముల్లును నమ్మకండి

పాత బండి బేరంలో ఉన్నవాళ్ళు అడ్వాన్స్ ఇచ్చేలోపు ఇది చదవండి.

రెండు నెలల కిందట హైదరాబాద్‌లో ఒక బ్రోకర్ దగ్గర 1986 నాటి అంబాసిడర్ మార్క్ 4, పెట్రోల్ బండి కొన్నాను. ఒక్క సెల్ఫ్‌కే అందుకుంది, ఆర్సీ కూడా రెన్యూవల్ అయి ఉంది. పెట్రోల్ మీటర్ పనిచేస్తుందా అంటే "మీరే చూస్కోండి అన్నా" అని తాళం తిప్పాడు. ముల్లు మెల్లగా లేచి సగం దగ్గర ఆగింది, తాళం తీస్తే పడిపోయింది. ఇంకేం కావాలి అనుకున్నాను, బుద్ధి తక్కువై.

తర్వాతి ఆదివారం అత్తమ్మతో సహా అందరం సూర్యాపేట బయల్దేరాం. నార్కట్‌పల్లి దాటాక బండి రెండు కుదుపులు కుదిపి ఆగిపోయింది. ముల్లు మాత్రం సగం దగ్గరే హాయిగా కూర్చుంది! బంకులో బాటిల్‌లో పోసేది లేదన్నారు, క్యాన్ దొరికేసరికి ఎండలో గంటన్నర. అత్తమ్మ ఏమీ అనలేదు, అదే ఎక్కువ భయం వేసింది.

మెకానిక్ చూసీ చూడగానే మీటర్ పోయిందన్నాడు. 2,800 పెట్టి మార్పిస్తే కొత్త మీటర్ కూడా సరిగ్గా అదే సగం చూపించింది. అప్పుడు అనుమానం వచ్చింది, రెండు మీటర్లూ ఒకే అబద్ధం చెప్పవు కదా, వాటికి అందే కబురే తప్పయి ఉండాలి. ట్యాంక్ మీది సెండర్‌కు (లోపల పెట్రోల్ ఎంతుందో మీటర్‌కు చెప్పేది) పోయే వైరు వెతికితే అది సెండర్‌కు పోనేలేదు. మధ్యలో కోసి, చిన్న రెసిస్టర్ (కరెంటును తగ్గించే ముక్క) మెలిపెట్టి, టేపు చుట్టి బాడీకి స్క్రూతో ఎర్త్ ఇచ్చేశారు. ట్యాంకులో ఎంతున్నా ముల్లుకు సగమే. తాళం తీస్తే కరెంటు పోతుంది కాబట్టి పడిపోతుంది, నేను చూసిన పరీక్ష అదే.

సెండర్ విప్పితే అసలు రోగం కనపడింది. ఇత్తడి ఫ్లోటుకు చిల్లు, చెవి దగ్గర పెట్టుకుని ఊపితే లోపల పెట్రోల్ గలగలమంది. తేలాల్సింది మునిగి కూర్చుంది. 

కాబట్టి చూడటానికి వెళ్ళినప్పుడు బండిని బంకుకు తీసుకెళ్ళి మీ డబ్బుతోనే పది లీటర్లు పోయించండి, ముల్లు ఎంత కదిలిందో చూడండి. కదలకపోతే సెండర్ వైరు ఊడదీసి తాళం ఆన్ చేయాలి, ముల్లు ఒక చివర ఉండాలి. తాళం ఆఫ్ చేసి ఆ వైరును బాడీకి బిగించి మళ్ళీ ఆన్ చేస్తే రెండో చివరకు బయల్దేరాలి, కదలగానే ఆపేయండి. అలా పోతే మీటరూ వైరింగూ బాగున్నట్టే, తప్పు సెండర్‌లోనో దాని ఎర్త్‌లోనో ఉంటుంది. ట్యాంకుకు కొత్తగా పెయింట్ వేసి ఉంటే ముందు ఎర్త్ చూడండి, పెయింట్ అడ్డుపడి ఎర్త్ అందకపోవచ్చు. పెట్రోల్ ఆవిరి దగ్గర తాళం ఆన్‌లో ఉండగా వైర్లు తాకించి నిప్పురవ్వలు మాత్రం రప్పించకండి.

బ్రోకర్‌కు ఫోన్ చేస్తే "పాత బండి అన్నా, చిన్న చిన్నవి ఉంటయి" అన్నాడు, ఆ తర్వాత ఎత్తడం మానేశాడు. అతని షెడ్డులో ఇంకో రెండు పాత బండ్లు అమ్మకానికి ఉన్నాయి, ఆ రోజు తాళం తిప్పి చూపిస్తే వాటి ముళ్ళు కూడా సగం దగ్గరే ఆగినట్టు ఇప్పుడు గుర్తొస్తోంది.