రేగడి మట్టిలో పునాది: ఫోటోలు చూసి స్టేజ్ పేమెంట్ ఇవ్వకండి

తిరుపతి చుట్టుపక్కల చెరువుల కింద ఉన్న పాత మాగాణి భూముల్లో ప్లాట్లు కొని, ఇప్పుడు ఇల్లు మొదలుపెట్టాలనుకుంటున్న వాళ్లు దయచేసి ఇది పూర్తిగా చదవండి. తిరుచానూరు వైపు మేము కట్టించుకున్న ఇంట్లో, గృహప్రవేశం తర్వాత వచ్చిన మొదటి వానాకాలానికే కార్ పార్కింగ్ గచ్చు పైకి లేచి పగిలింది. మెయిన్ గేటు మూస్తే గొళ్లెం పడటం లేదు, కిటికీ మూలల నుంచి ఏటవాలుగా చీలికలు వచ్చాయి, వంటింట్లో టైల్స్ మీద తడితే లోపల బోలుగా మోగుతోంది. కాంట్రాక్టర్ పేరు ఇక్కడ రాయను. కానీ అతను ఎక్కడెక్కడ మోసం చేశాడో మాత్రం ఏదీ దాచకుండా రాస్తాను, ఎందుకంటే ఈ మోసమంతా భూమి లోపల జరుగుతుంది, పైకి గోడలు లేచాక ఎవరికీ కనపడదు.

ముందు మట్టి సంగతి. మన చిత్తూరు, తిరుపతి ప్రాంతంలో ఎక్కువ భాగం ఎర్రనేల, కొంచెం తవ్వితే గట్టి గరుసు తగులుతుంది, అందుకే ఇక్కడి మేస్త్రీలందరికీ ఆ లెక్కే అలవాటు. చెరువు కింద తరతరాలుగా వరి పండిన భూముల్లో మాత్రం చాలా చోట్ల నల్లగా, జిగటగా ఉండే బంకమట్టి ఉంటుంది, రేగడి అంటే ఇదే. ఎండాకాలం వెళ్లి చూడండి, నేల నెర్రెలు విచ్చి ఉంటుంది. కార్తీక మాసం వానల్లో అదే నేల మీద నడిస్తే చెప్పుకి మట్టి ముద్దలు ముద్దలుగా అంటుకుని కాలు లేవదు. ఈ మట్టి నీళ్లు తాగితే ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుపోతుంది. లేఅవుట్ వాళ్లు దాని మీద ఒక అడుగు ఎర్ర గ్రావెల్ తోలించి చదును చేసి అమ్మేస్తారు కాబట్టి కొనే రోజు మీకు ఎర్రనేలే కనిపిస్తుంది.

మా అగ్రిమెంటులో అన్నీ ఉన్నాయి. ఫుటింగ్ (పిల్లర్ కింద పోసే కాంక్రీట్ పాదం) గుంతలు కనీసం అయిదు అడుగుల లోతు, గట్టి నేల తగలకపోతే తగిలేదాకా. బేస్‌మెంట్‌లో, అంటే గచ్చు కింద నింపే భాగంలో, తవ్విన నల్లమట్టి వాడకూడదు, బయటి నుంచి గ్రావెల్ తెచ్చి పొరలు పొరలుగా వేసి నీళ్లు కొట్టి దిమ్మిస కొట్టాలి. కాంక్రీట్ ఎం20 గ్రేడ్, కవర్ బ్లాకులు (ఇనుప చువ్వల చుట్టూ కాంక్రీట్ మందం ఉండేలా పెట్టే చిన్న దిమ్మలు) తప్పనిసరి, క్యూరింగ్ (పోసిన కాంక్రీట్‌ని తడిగా ఉంచడం) బాధ్యత కాంట్రాక్టర్‌దే. చదరపు అడుగు రేటు కూడా తక్కువేమీ కాదు, రేగడి నేల అని చెప్పి మామూలు రేటు మీద ఇంకొంచెం ఎక్కువే తీసుకున్నాడు. ప్రతి స్టేజ్‌కీ వాట్సాప్‌లో ఫోటోలు వచ్చేవి, వీడియోలు వచ్చేవి, "సామీ, పని చూడండి ఎట్లా ఉందో" అని వాయిస్ మెసేజ్‌లు. గుంత లోపల టేపు పట్టుకున్న ఫోటో, గ్రావెల్ టిప్పర్ దించుతున్న ఫోటో. ఆ ఫోటోల మీదే డబ్బులు వెళ్లాయి.

నిజంగా జరిగింది ఏమిటో చీలికలు వచ్చాక బయటి ఇంజనీరును పిలిచి చూపించినప్పుడు తెలిసింది. రిటైర్డ్ ఇంజనీరు, పెద్దాయన, వచ్చీ రాగానే గోడలు చూడకుండా బయట ఒక పిల్లర్ పక్కన గుంత తీయించమన్నాడు. ఫుటింగ్ మూడు అడుగుల దగ్గరే ఆగిపోయి ఉంది, చుట్టూ నల్లమట్టే. అయిదు అడుగుల ఫోటో ఒక్క గుంతది, మిగతావి అలా తవ్వలేదు. తర్వాత పార్కింగ్‌లో పగిలిన ముక్క ఎత్తితే పైన నాలుగు వేళ్ల మందం ఎర్ర గ్రావెల్, దాని కింద మా ప్లాట్‌లో తవ్విన రేగడే. జేసీబీతో తవ్విన మట్టిని బయటికి తోలించే ఖర్చు మిగుల్చుకుని, దాన్నే తిరిగి బేస్‌మెంట్‌లో నింపి, పైన ఫోటోకి సరిపడా గ్రావెల్ పరిచాడు. అంటే ఉబ్బే మట్టిని తెచ్చి మా ఇంటి గచ్చు కిందే పెట్టాడు. ఇది చూసిన రోజు మా అమ్మ ఏడ్చేసింది. నాన్న రిటైర్మెంట్ డబ్బులు పెట్టి కట్టిన ఇల్లు అది.

కాంట్రాక్టర్‌ని అడిగితే మొదట "ఎయిర్ క్రాక్స్ సామీ, కొత్త ఇంటికి మామూలే" అని పుట్టీ పెట్టించాడు. ఎండాకాలానికి పుట్టీ ఊడి చీలిక ఇంకా పెద్దదైంది. తర్వాత "పిల్లర్లకి ఏం కాలేదు కదా, గచ్చే కదా" అన్నాడు. ఈ మాట దగ్గర చాలామంది మోసపోతారు, అందుకే వివరంగా చెప్తున్నా. పిల్లర్ మీద ఇంటి బరువంతా ఉంటుంది కాబట్టి కింద మట్టి ఉబ్బినా దాన్ని ఎత్తడం కష్టం. బరువు లేని గచ్చు, మెట్లు, కాంపౌండ్ గోడ, పార్కింగ్ మాత్రం సులువుగా లేస్తాయి. అవి లేచాయంటే కింద మట్టి పని మొదలుపెట్టిందని అర్థం. ఫుటింగ్ కూడా వాన తడి, ఎండ తగిలే లోతులోనే ఉంటే ఏటేటా ఇల్లు కొంచెం కొంచెం కదులుతూనే ఉంటుంది. వాన నీళ్లు ముందు ఇంటి అంచుల్లో ఇంకుతాయి, నడిమధ్య ఆలస్యంగా తడుస్తుంది, ఎండినప్పుడు కూడా అంచులే ముందు ఎండుతాయి. అందుకని మూలలు ఒకలా, మధ్య ఒకలా కదిలి గోడ ఏటవాలుగా చీలుతుంది. వానాకాలం కాస్త మూసుకుని ఎండాకాలం తెరుచుకునే చీలిక మీ ఇంట్లో ఉంటే పుట్టీ మీద పైసా ఖర్చు పెట్టకండి. చీలిక చివర పెన్సిల్‌తో గీత గీసి తేదీ వేయండి, అక్కడే స్కేలు పెట్టి ఫోటో తీయండి. మా కేసుకి ఆ తేదీలే ఆధారం అయ్యాయి.

కాంక్రీట్ విషయంలో కూడా అంతే. కాంక్రీట్‌కి మన దేశ ప్రమాణమైన ఐఎస్ 456 ప్రకారం ఎం20 నామినల్ మిక్స్‌కి (ల్యాబ్ డిజైన్ లేకుండా మామూలు పాళ్లతో కలిపేది) 50 కిలోల సిమెంటు బస్తాకి ఎక్కువలో ఎక్కువ 30 లీటర్ల నీళ్లు, ఇసుకలో ఉన్న తడి కూడా కలుపుకునే. మా స్లాబ్ రోజు పైపు నేరుగా మిల్లర్‌లో (కాంక్రీట్ కలిపే మిషన్) పెట్టి కాంక్రీట్ పారేదాకా పోశారు, పని తొందరగా అవుతుందని. పక్కింటి అక్క తన ఫోన్‌లో తీసిన వీడియోలో అది స్పష్టంగా ఉంది. ఫుటింగ్‌లో చువ్వల కింద 50 మిల్లీమీటర్ల కవర్ ఉండాలి, కవర్ బ్లాకుల బదులు కంకర రాళ్లు పెట్టారు, కొన్ని చోట్ల అవి కూడా లేవు. క్యూరింగ్ మామూలు ఓపీసీ సిమెంటుకే కనీసం 7 రోజులు, ఎండ ఎక్కువ ఉంటే 10, పీపీసీ (ఫ్లై యాష్ లాంటివి కలిపిన సిమెంటు) లాంటివాటికి ఇంకా ఎక్కువ చేయాలి. మన తిరుపతి ఎండలో స్లాబ్ మీద పొద్దున పోసిన నీళ్లు మధ్యాహ్నానికి ఉండవు. మడులు కట్టకుండా రోజుకోసారి పైపుతో చల్లి క్యూరింగ్ అయిందనిపించారు.

ఇంకో మాట. "ఫారిన్ టెక్నాలజీ కెమికల్, క్రాక్ రాదు" అని ఒక డబ్బాకి ఎక్స్‌ట్రా అడిగితే ఇవ్వకండి. మంచు కురిసే దేశాల్లో మట్టిలో నీళ్లు గడ్డకట్టి పునాదిని పైకి తోస్తాయి, అందుకే అక్కడ ఫుటింగ్‌ని ఆ గడ్డకట్టే లోతు కంటే కిందికి తీసుకెళ్తారు, కాంక్రీట్‌లో సన్నని గాలి బుడగలు ఉండేలా కెమికల్ కలుపుతారు. మన దగ్గర మంచు లేదు, ఆ కెమికల్‌తో పని లేదు. మనకి కావలసింది లోతు, మంచి గ్రావెల్, నీళ్లు పునాది దగ్గరికి రాకుండా చూసుకోవడం.

మట్టి టెస్టు చేయించకుండా ఏ కాంట్రాక్టర్ కొటేషన్ ఇచ్చినా ఒప్పుకోకండి. బంకమట్టి ఎంత ఉబ్బుతుందో చూసే ఫ్రీ స్వెల్ టెస్టు చాలా సులువైనది. ఎండబెట్టి జల్లించిన మట్టి పది గ్రాములు నీళ్లలో, పది గ్రాములు కిరోసిన్‌లో వేసి ఒక రోజు ఉంచి, రెండింటి ఎత్తుల తేడా చూస్తారు. కిరోసిన్‌లో మట్టి ఉబ్బదు కాబట్టి తేడా కంటికే కనపడుతుంది. శాంపిల్ పైన పోసిన గ్రావెల్ నుంచి కాకుండా అయిదారు అడుగుల లోతు నుంచి మీ ఎదురుగా తీయించండి. బాగా ఉబ్బే మట్టి అని తేలితే అండర్ రీమ్డ్ పైల్స్ గురించి ఇంజనీరుని అడగండి. మూడున్నర మీటర్లు, అవసరమైతే ఇంకా లోతుకి దించి, అడుగున బల్బు లాగా వెడల్పు చేసి పోస్తారు, రూర్కీలోని సీబీఆర్ఐ (కేంద్ర భవన పరిశోధన సంస్థ) వాళ్లు రేగడి నేలల కోసమే అభివృద్ధి చేసిన పద్ధతి. పైల్స్ వేస్తే పైన గోడల కింద వచ్చే ప్లింత్ బీమ్‌కి, మట్టికి మధ్య ఖాళీ వదలాలి, ఆ ఖాళీ వదలకపోతే మట్టి ఉబ్బి బీమ్‌నే ఎత్తుతుంది.

సంపు ఎక్కడ పెడుతున్నారో కూడా చూసుకోండి. మాది పిల్లర్‌కి ఆనుకునే తవ్వారు, అది కారి ఆ మూల మట్టిని ఎప్పుడూ తడిగా ఉంచింది. 2021 నవంబరు వరదలప్పుడు తిరుపతిలో సిమెంటు వరలతో కట్టిన నీళ్ల ట్యాంకు భూమిలోంచి పైకి లేచిన వీడియో చాలామంది చూసే ఉంటారు, నేలలో నీళ్లు నిండితే ఎంత బలంగా తోస్తాయో అదే ఉదాహరణ. ఇంటి చుట్టూ కనీసం మూడు నాలుగు అడుగుల వెడల్పున, బయటికి వాలు ఉండేలా గచ్చు వేయించండి. మేడ మీద నీళ్ల పైపుల్ని గోడ మొదట్లో వదిలేయకుండా డ్రైన్ దాకా తీసుకెళ్లండి. మా ఇంటికి ఇప్పుడు ఆ పెద్దాయన సలహాతో ముందు చేస్తున్నవి ఈ రెండే, గచ్చు కింద మట్టి మార్చడం ఆ తర్వాత.

డబ్బు విషయానికి వస్తే, బేస్‌మెంట్ స్టేజ్ పేమెంట్ ఇచ్చే ముందు కాంట్రాక్టర్‌కి సంబంధం లేని ఇంజనీరు ప్రతి గుంతా కాంక్రీట్ పోయకముందు చూసి సంతకం పెట్టాలని అగ్రిమెంటులోనే రాయించండి.  కాంక్రీట్ పోసే రోజు దాంతోనే క్యూబులు (పరీక్షకి పోసే దిమ్మలు) తీయించి 7 రోజులకి, 28 రోజులకి ల్యాబ్‌లో పరీక్ష చేయించాలని కూడా రాయించండి. ఒప్పుకోని కాంట్రాక్టర్ దగ్గర అడ్వాన్స్ వెనక్కి అడిగేయండి.

ఇప్పటికే ఇబ్బందిలో ఉన్న వాళ్లకి: ఇల్లు కట్టివ్వడం 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద సేవగానే లెక్క. చెల్లించిన మొత్తం 50 లక్షల లోపు అయితే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు వేయవచ్చు, సమస్యకి కారణం తలెత్తిన నాటి నుంచి రెండేళ్ల లోపు వేయాలి. ముందుగా 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేసినా దారి చెప్తారు. రిపేరు మొదలుపెట్టకముందే ఇంజనీరు రిపోర్టు, ఫోటోలు, తవ్విన గుంత వీడియో అన్నీ దగ్గర పెట్టుకోండి, ఒకసారి గచ్చు మార్చేశాక సాక్ష్యం పోతుంది.

మా అగ్రిమెంటులో ఇంజనీరు కొత్తగా చేర్చమన్న షరతులు, గుంతల దగ్గర చూడాల్సినవి ఒక పేజీలో టైప్ చేసి పెట్టాను. ఈ నెలలో ఫుటింగ్ తవ్వించబోయే వాళ్లు ఎవరైనా ఉంటే అడగండి, వెంటనే పంపిస్తాను.